తిరుగుతోంది సరే, వంగదేం?

మీ ప్రశ్న చదవగానే మూడేళ్ళ కిందటి మా పెరడు గుర్తొచ్చింది. మీ అబ్బాయికి పద్నాలుగేళ్ళు, బేస్‌బాల్‌లో కర్వ్‌బాల్ (గాల్లోనే వంగే బంతి) నేర్చుకుంటున్నాడు, ట్రైనింగ్ సెంటర్లో యంత్రం స్పిన్ 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దాకా చూపిస్తోంది, బంతి మాత్రం తిన్నగా వెళ్ళి బ్యాటర్‌కి విస్తట్లో వడ్డించినట్టు పడుతోంది, ఇంకా స్పిన్ పెంచాలా అని అడిగారు. అక్కర్లేదండి. ఉన్నది చాలు. అది తిరగాల్సిన వైపు తిరగడం లేదు, అంతే. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, మావాడికి ఆ తప్పు దగ్గరుండి నేర్పింది నేనే.

నేను తెనాలిలో ఆఫ్ స్పిన్ వేసేవాణ్ణి. కాలేజీ టీమ్ దాకా వెళ్ళాను, అక్కడితో సరి. మావాడు పుట్టింది డల్లాస్‌లో. వాడి దృష్టిలో క్రికెట్ అంటే నాన్నని రాత్రి రెండింటికి లేపే ఏదో జబ్బు. వాడు పిచర్, అంటే బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు, అయ్యాడు. నేను తిరగేసిన బకెట్ మీద కూర్చుని, గ్లవ్ తొడుక్కుని, వాడు విసిరినవన్నీ పట్టే క్యాచర్‌నయ్యాను. వాడు కర్వ్‌బాల్ మొదలుపెట్టగానే నాలో గురువుగారు నిద్రలేచారు. 'స్పిన్ అంటే నాకు తెలియనిదేముందిరా' అని, నాకు మా కోచ్ చెప్పిందే వాడికీ చెప్పాను: గుండ్రటి తలుపు పిడి తిప్పినట్టు మణికట్టు తిప్పు. వాడు బుద్ధిగా తిప్పాడు. బంతి గిర్రున తిరుగుతూ వచ్చింది. ఒక్క అంగుళం కూడా పక్కకి పోలేదు.

ఎందుకో అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. మనకి పిచ్ అంటే నేల, వీళ్ళకి పిచ్ అంటే విసురు. మొత్తం తేడా ఆ మాటలోనే ఉంది. ఆఫ్ బ్రేక్‌లో బంతి నేలని తాకాక తిరుగుతుంది. బంతి ఇరుసు బ్యాటర్ వైపు చూస్తూ ఉన్నా ఫర్వాలేదు. నేల తగలగానే ఆ తిరుగుడంతా పక్కకి తోపుగా మారిపోతుంది. బేస్‌బాల్‌లో బంతి నేలని తాకదు. జరగాల్సిందంతా గాల్లోనే జరగాలి, అదీ పిచర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) దాకా ఉన్న 60 అడుగుల 6 అంగుళాల దూరంలో. (మన పాపింగ్ క్రీజు నుంచి అవతలి పాపింగ్ క్రీజుకి 58 అడుగులు. దూరం ఇంచుమించు ఒకటే.) బ్యాటర్ వైపు ఇరుసు పెట్టి తిప్పిన బంతి వడ్రంగి బర్మాలా గాలిని తొలుచుకుంటూ వస్తుంది. గాలికి ఏ వైపూ పట్టు దొరకదు. దీన్నే ఇక్కడ గైరో స్పిన్ అంటారు.

ఇక నేను అన్నీ పక్కనబెట్టి మావాడికి చెప్పిన సూత్రం ఒక్కటే. బ్యాటర్‌కి కనపడే ముందు భాగాన్ని బంతి ముక్కు అనుకోండి. ఆ ముక్కు ఎటు కదులుతుంటే బంతి అటు వంగుతుంది. టాప్ స్పిన్‌లో ముక్కు కిందికి దొర్లుతుంది, బంతి కిందికి వంగుతుంది, అదే కర్వ్‌బాల్. బ్యాక్ స్పిన్‌లో ముక్కు పైకి లేస్తుంది, గాలి బంతిని పైకి తోస్తుంది, అది ఫాస్ట్‌బాల్. ముక్కు పక్కకి జరిగితే పక్కకి. మరి గైరోలో? ముక్కు గడియారం ముల్లులా ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, ఎటూ కదలదు. అందుకే గాలి బంతిని ఎటూ వంచదు.

దీని వెనక ఉన్న సంగతిని 1852లో జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ వివరించాడు కాబట్టి ఆయన పేరే ఉండిపోయింది. తిరిగే బంతి తనని ఆనుకున్న గాలిని లాక్కుపోయి, వెనక వదిలే గాలిని ఒక వైపుకి విసురుతుంది. తెడ్డుతో నీళ్ళు వెనక్కి తోస్తే పడవ ముందుకి పోయినట్టు, బంతి గాలిని పైకి తోస్తే బంతి కిందికి పోతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కూడా 'కర్వ్‌బాల్ నిజంగా వంగదు, అంతా కంటి భ్రమ' అని వాదించినవాళ్ళున్నారు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థకి ఒకప్పటి డైరెక్టర్ లైమన్ బ్రిగ్స్ విండ్ టన్నెల్‌లో ప్రయోగాలు చేసి 1959లో ఫలితాలు అచ్చేశాడు: స్పిన్ వల్ల బంతి 17.5 అంగుళాల దాకా పక్కకి పోగలదు. హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలే. అంటే ప్లేట్‌కి ఈ అంచున మొదలైన బంతి ఆ అంచు దాటిపోవచ్చు.

ఇప్పుడు మీవాడి యంత్రం సంగతి. స్పిన్ రేటు పక్కనే ఇంకో అంకె ఉంటుంది, స్పిన్ ఎఫిషియెన్సీ అనో యాక్టివ్ స్పిన్ అనో. మొత్తం తిరుగుడులో బంతిని వంచడానికి ఎంత పనికొస్తోందో చెప్పే శాతం అది. మీరు దాని గురించి రాయలేదు, మొదట చూడాల్సింది అదే. మావాడిది అప్పట్లో 1,900 ఆర్‌పీఎం, 28 శాతం. లెక్క కడితే పనికొచ్చేది 530 చిల్లర. నాలుగు నెలల తర్వాత స్పిన్ 1,750కి తగ్గింది, శాతం మాత్రం 70కి పెరిగింది. అంటే 1,225. స్పిన్ తగ్గాక వంపు రెట్టింపు దాటింది. ఇది నా కళ్ళతో చూశాను కాబట్టే, ఒట్టి ఆర్‌పీఎం చూపించి మురిపించే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మేం మొదట వెళ్ళిన చోట 'స్పిన్ 2,300 దాటాలి, ఇంకో పది క్లాసుల ప్యాకేజీ తీసుకోండి' అన్నారు. ఎఫిషియెన్సీ గురించి ఒక్కరూ నోరెత్తలేదు. డబ్బు కట్టాను కూడా. పోనివ్వండి.

యంత్రం లేకుండానే ఇంట్లో తేల్చుకునే పరీక్ష చెబుతాను. నల్లటి ఎలక్ట్రికల్ టేపు తీసుకుని బంతి నడుం చుట్టూ ఒక్క చుట్టు చుట్టండి. కర్వ్‌బాల్ పట్టు పట్టినప్పుడు మధ్యవేలు సరిగ్గా ఆ టేపు మీద ఆనాలి. మీరు క్యాచర్ వెనక, వల అవతల నుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీయండి, సెకనుకి 240 ఫ్రేములది. 1,800 ఆర్‌పీఎం అంటే సెకనుకి 30 చుట్లు, ఒక్కో చుట్టుకి ఎనిమిది ఫ్రేములు దొరుకుతాయి. చాలు. బంతి సరిగ్గా దొర్లుతూ వస్తే టేపు నిలువుగా, కదలకుండా ఒక గీతలా కనిపిస్తుంది. గైరో అయితే టేపు ఫ్యాను రెక్కలా గుండ్రంగా తిరుగుతుంది. మేం మొదటిసారి తీసింది చూసినప్పుడు మావాడు ఫోన్ నా చేతిలో పెట్టి, 'నాన్నా, ఇది నీ తలుపు పిడి' అన్నాడు. నిజమే, అచ్చం అలాగే తిరిగింది.

సరిదిద్దుకోవడానికి మాకు పనికొచ్చింది ఒక్కటే. విడిచే ముందు అరచేయి తన తలవైపు చూడాలి, చిటికెనవేలి వైపు అంచు బ్యాటర్ వైపు ఉండాలి, సుత్తితో మేకు కొడుతున్నట్టు చేయి కిందికి రావాలి, మధ్యవేలు బంతి ముందు నుంచి కిందికి లాగాలి. చేతిని మెలితిప్పడం ఉండకూడదు. మొదటి వారం సగం బంతులు నా బకెట్ ముందే నేలలో పడ్డాయి. ఒకటి మోకాలి చిప్పకి తగిలింది. క్యాచర్ షిన్ గార్డులు కొనుక్కోండి, ఇది హాస్యానికి చెప్పడం లేదు. మొదట 20 అడుగుల నుంచి మెల్లగా, బంతి దొర్లడం మీదే ధ్యాస పెట్టి విసరమనండి. టేపు నిలబడ్డాకే వెనక్కి జరగాలి.

కర్వ్ 'చివర్లో ఒక్కసారిగా' వంగుతుందని అందరూ అంటారు. వంపు మొదటి నుంచీ ఇంచుమించు ఒకే తోపుతో సాగుతుంది. కానీ పక్కకి జరిగే దూరం సమయానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి సగం సమయానికి నాలుగో వంతే జరిగి ఉంటుంది, మిగతా మూడు వంతులు చివరి సగంలో. బ్యాటర్ ఆ మొదటి సగం చూసే నిర్ణయం తీసుకోవాలి, పాపం. అమెరికాలో అన్నిటికన్నా పెద్ద ప్రొఫెషనల్ లీగైన మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్‌కి మొత్తం ప్రయాణమే 0.4 సెకను.

'పైకి లేచే ఫాస్ట్‌బాల్' కూడా ఇలాంటిదే. బంతి నిజంగా లేవదు. 0.4 సెకనులో భూమ్యాకర్షణ ఒక్కటే బంతిని 30 అంగుళాల పైచిలుకు దించుతుంది. మేజర్ లీగ్ ఫోర్ సీమ్ ఫాస్ట్‌బాల్, అంటే గంటకి 94 మైళ్ళ వేగం, నిమిషానికి 2,300 చుట్ల బ్యాక్ స్పిన్, అందులో ఓ 16 అంగుళాలు వెనక్కి లాక్కుంటుంది. బ్యాటర్ కన్ను మామూలు బంతి ఎంత దిగుతుందో అంతకి అలవాటు పడి ఉంటుంది కాబట్టి, తక్కువ దిగిన బంతి లేచినట్టు అనిపిస్తుంది. బ్యాట్ దాని కిందుగా పోతుంది.

రెండేళ్ళ కిందట మేం డెన్వర్ దగ్గరికి మారాం. మొదటి వారం మావాడి కర్వ్ చచ్చిపోయింది. వాడికి టెన్షన్, నాకు వాడిని మించిన టెన్షన్. మళ్ళీ టేపు చుట్టాం, గీత నిలువుగానే ఉంది. చివరికి తేలిందేమిటంటే ఇక్కడ నేల సముద్రమట్టానికి ఐదు వేల అడుగుల పైన, గాలి దాదాపు ఐదో వంతు పలచన. నెట్టడానికి గాలే లేకపోతే బంతి మాత్రం ఏం వంగుతుంది? డెన్వర్‌లోని మేజర్ లీగ్ మైదానం కూర్స్ ఫీల్డ్‌లో పెద్ద పెద్ద పిచర్లు తలలు పట్టుకునేది కూడా ఇందుకే. టోర్నమెంటుకి టెక్సస్ వెళ్తే వాడి బంతి మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. మీరు ఏ ఊళ్ళో ఉన్నారో రాయలేదు, ఎత్తైన చోటైతే ఈ సంగతీ లెక్కలోకి తీసుకోండి.

ముక్కు సూత్రంతోనే అన్నీ తేలవు, అదీ చెప్పాలి. బంతికి 108 జంట కుట్లు ఉంటాయి. అవి ఏ వైపు నిలిచి తిరుగుతున్నాయన్నదాన్ని బట్టి కూడా గాలి ఒక పక్క ముందు, ఇంకో పక్క ఆలస్యంగా బంతిని వదులుతుంది. యూటా స్టేట్ యూనివర్సిటీలో బార్టన్ స్మిత్ బృందం పరిశోధించిన దీన్ని సీమ్ షిఫ్టెడ్ వేక్ అంటారు. స్పిన్ లెక్క చెప్పేదానికన్నా కొన్ని సింకర్లు (కిందికి దిగే రకం ఫాస్ట్‌బాల్‌లు) ఎక్కువ దిగడానికి కారణం ఇదే. సీమ్ ఎటుందో చూసి బంతి ఎటు పోతుందో ఊహించడం క్రికెట్ చూసినవాళ్ళకి కొత్తేమీ కాదు. అసలు దాదాపు తిరగని నకిల్‌బాల్ కూడా కుట్ల పుణ్యాన గాల్లో తాగినవాడిలా ఊగుతుంది. ఆర్.ఎ. డికీ ముఖ్యంగా ఆ బంతితోనే 2012లో నేషనల్ లీగ్ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు. మీవాడి వయసుకి మాత్రం ఇవన్నీ అనవసరం.

ఇంకో మాట. ఎవరైనా 'చేతికి కాస్త జిగురు రాసుకుంటే స్పిన్ పెరుగుతుంది' అంటే వినకండి. పెరిగే మాట నిజమే. 2021 జూన్‌లో మేజర్ లీగ్ అంపైర్లు పిచర్ల చేతులు, టోపీలు గట్టిగా తనిఖీ చేయడం మొదలుపెట్టగానే స్పిన్ రేట్లు అమాంతం పడిపోయాయి. కానీ అది నిబంధనలకి విరుద్ధం, పైగా మీవాడి సమస్య జిగురుతో తీరేది కాదు. గైరోకి జిగురు పూస్తే ఇంకా జోరుగా తిరిగే గైరో వస్తుంది, అంతే.

మోచేతి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 13, 14 ఏళ్ళ పిల్లలు రోజుకి 95 విసుర్లు దాటకూడదు, ఫాస్ట్‌బాల్, ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా విసిరే నెమ్మది బంతి) కుదిరాకే వంపు బంతులు మొదలుపెట్టాలి. పెరట్లో విసిరినవీ విసుర్లే. నేను మొదట్లో అవి లెక్కపెట్టేవాణ్ణి కాదు. ఒక ఆదివారం మావాడు అన్నం కలుపుకుంటూ మోచెయ్యి పట్టుకున్నాడు, అప్పటినుంచి ఫ్రిజ్ మీద కాగితం అంటించి గీతలు పెడుతున్నాం. రోజుకి కర్వ్‌లు పదిహేను, అంతకు మించి లేదు.

అన్నట్టు నా తలుపు పిడి పూర్తిగా వృథా పోలేదు. వాడు ఇప్పుడు దాన్నే ఇంకాస్త వేగంగా విసిరి స్లైడర్ అంటున్నాడు. స్లైడర్‌లో చాలావరకు గైరోనే ఉంటుంది. ఫాస్ట్‌బాల్ అనుకుని ఊపిన బ్యాట్‌కి, గాలి ఎత్తిపట్టని ఆ బంతి అందకుండా కిందికి జారిపోతుంది. ఎదురుగా చూస్తే కుట్లన్నీ కలిసి ఎర్ర చుక్కలా కనిపిస్తాయని బ్యాటర్లు చెబుతారు. నేను బకెట్ మీద నుంచి చూశాను, నిజంగానే కనిపిస్తుంది.

ఈ వారాంతం టేపు పరీక్ష చేసి చూడండి. గీత నిలబడిందా, ఫ్యానులా తిరిగిందా, యంత్రంలో ఆ శాతం ఎంతుందో కింద రాయండి. మీవాడు కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో కూడా చెప్పండి, వేళ్ళ పట్టు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.