పెళ్లి కాలేదని, పద్దెనిమిది నిండలేదని గర్భిణికి అన్నం ఆపొచ్చా?

ప్రశ్న: మా అన్న కూతురికి పదహారేళ్ల నాలుగు నెలలు. ఇప్పుడు ఏడో నెల గర్భం. మా వదిన చనిపోయి మూడేళ్లయింది. అన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతాడు. విషయం తెలిసిన రోజే ‘అది నా గడప తొక్కొద్దు’ అన్నాడు. అప్పటి నుంచి పిల్ల నా దగ్గరే ఉంటోంది. నాది ఒక్క గది అద్దె ఇల్లు, మిషన్ కుట్టి బతుకుతాను. దవాఖానలో భయపడి వయసు పంతొమ్మిది అని రాయించాను. రక్తం 7.8 ఉందన్నారు. అంగన్‌వాడీకి తీసుకెళ్తే టీచర్ మాకు తెలిసినామె కాబట్టి, ‘పెళ్లి కాలేదు, పద్దెనిమిది నిండలేదు, యాప్‌లో ఎక్కదు’ అని పేరు రాసుకోలేదు. అబ్బాయికి ఇరవై ఏళ్లు, మా ఊరివాడే. గుట్ట మీద గుడిలో తాళి కట్టిస్తే అన్నీ సర్దుకుంటాయని పెద్దమనుషులు అంటున్నారు. ఇంటి ఓనరేమో నెలాఖరుకు ఖాళీ చెయ్యమంటున్నాడు. కాన్పు అయ్యేదాకా పిల్లకు తిండి, ఉండడానికి చోటు ప్రభుత్వం ఇస్తుందా? హోమ్‌లో ఉంటే బిడ్డను లాక్కుంటారా? పోలీసు కేసు లేకుండా ఇవి దొరుకుతాయా?
– ఒక సోదరి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, కేసు సంగతి, పెళ్లి సంగతి తర్వాత చూద్దాం. ముందు తిండి. ఏడో నెలలో రక్తం 7.8 అంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకూడదు.

ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. అందరికీ అది రేషన్ బియ్యం చట్టంగానే తెలుసు గానీ, అందులో నాలుగో సెక్షన్ గర్భిణులు, బాలింతల కోసమే రాసింది. గర్భం ఉన్నన్నాళ్లూ, కాన్పయ్యాక ఆరు నెలల వరకూ ఊళ్లోని అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా భోజనం అందాలి. రోజుకు ఎంత శక్తి, ఎంత మాంసకృత్తులు అందాలో రెండో షెడ్యూల్లో లెక్క కూడా ఇచ్చారు. ఆ సెక్షన్‌లో పెళ్లి ప్రస్తావన లేదు, వయసు షరతు లేదు. గర్భిణి అయితే చాలు. మన తెలంగాణలో ఇదే 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో నడుస్తోంది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మి.లీ. పాలు కేంద్రంలోనే కూర్చోబెట్టి పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు, ఇచ్చే తీరు వేరైనా హక్కు ఇదే.

టీచర్ మీద కోపం పెట్టుకోకండి. ప్రధానమంత్రి మాతృ వందన లాంటి డబ్బులిచ్చే పథకాలకు వయసు షరతు ఉంది. పద్దెనిమిది నిండని పిల్లకు ఆ డబ్బు రాదు. ఆ షరతును అన్నానికి కూడా అంటగట్టి చెప్పేవాళ్లను నేను చాలామందినే చూశాను. యాప్‌లో పేరు ఎక్కించడం ఆఫీసు పని. అది ఎక్కలేదని చట్టం ఇచ్చిన అన్నం ఆపడానికి లేదు.

మీరు చెయ్యాల్సింది ఇది. ఒక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాయండి. పిల్ల పేరు, ఎన్నో నెల, రక్తం ఎంత ఉంది, ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షన్ కింద భోజనం కావాలి అని. టీచర్‌కు ఒకటి, అంగన్‌వాడీలను పర్యవేక్షించే సీడీపీవో ఆఫీసులో ఒకటి ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. కుదరదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. సాధారణంగా పని అక్కడే అయిపోతుంది. కాకపోతే ఈ చట్టం కిందే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు, పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. ఇవ్వాల్సిన భోజనం ఇవ్వకపోతే బదులుగా ఆహార భద్రత భత్యం చెల్లించాలని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ నంబరు కూడా దరఖాస్తులో రాయండి.

అంగన్‌వాడీ భోజనం ఒక్కటే 7.8 రక్తాన్ని సరిచెయ్యలేదు. ఐరన్ మాత్రలతో సరిపెట్టుకోకుండా ఈ వారంలోనే పిల్లను జిల్లా ఆసుపత్రిలో చూపించండి. సర్కారు దవాఖానలో గర్భిణికి పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషన్ అవసరమైతే అదీ, వచ్చిపోయే వాహనం, అన్నీ ఉచితం. మామూలు కాన్పయితే మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు భోజనం కూడా పెట్టాలి. ఊళ్లో ఎవరో ‘మందిస్తారు, పోతుంది’ అంటే ఆ మాట వినకండి. ఇన్ని నెలలు నిండాక గర్భం తీయించడమంటే మెడికల్ బోర్డు, హైకోర్టు దాకా వెళ్లాల్సిందే. అది కూడా పిల్ల తనకు కావాలంటేనే.

దవాఖానకు వెళ్లగానే ఆ పంతొమ్మిదిని పదహారుగా సరిచేయించండి. మీరు భయంతో చెప్పారని నాకు అర్థమైంది. కానీ ఆ ఒక్క అంకె పిల్లకు రావాల్సినవన్నీ మూసేస్తుంది. పంతొమ్మిది అని ఉన్నంతకాలం ఆమె చట్టం దృష్టిలో మేజర్, బాలల చట్టాలు ఆమె దగ్గరికి రావు. డాక్టర్ కూడా పదహారేళ్ల ఒంటికి చెయ్యాల్సిన జాగ్రత్త చెయ్యలేరు. ఆధార్, పదో తరగతి మెమో పట్టుకెళ్లండి.

ఇప్పుడు ఉండే చోటు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు పిల్లను బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్తారు. అందరూ దాన్ని సీడబ్ల్యూసీ అంటారు. మీరే నేరుగా కూడా తీసుకెళ్లొచ్చు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కింద ఈ సమితికి మేజిస్ట్రేట్ అధికారాలున్నాయి. మధ్యలో రెండు మూడు రోజులు చోటు కావాలంటే ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం జిల్లాలో నడిచే సఖి కేంద్రంలో ఐదు రోజుల వరకు ఉండొచ్చు. ఆ నంబరు 181.

సమితి ముందు రెండు దారులుంటాయి. ఒకటి, పిల్లను మీ దగ్గరే ఉంచుతూ ఆర్డర్ ఇవ్వడం. అప్పుడు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు మీరు దరఖాస్తు పెట్టొచ్చు. రెండోది, బాలసదనం లాంటి హోమ్. కుటుంబం వదిలేసిన, లేదా కుటుంబంతో ఉండడం ఇష్టంలేని మైనర్ గర్భిణుల కోసమే కేంద్రం 2023లో నిర్భయ నిధి నుంచి ఒక పథకం తెచ్చింది. ఉండే చోటు, తిండి, వైద్యం, చదువు, కోర్టుకు వెళ్లొచ్చే రవాణా అందులో ఉన్నాయి. మిగతా పిల్లలతో కలిపెయ్యకుండా విడిగా గది ఇవ్వాలి. పద్దెనిమిది దాకా హోమ్‌లో, ఆ తర్వాత 23 ఏళ్ల వరకు అనంతర సంరక్షణలో సాయం అందుతుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ చూపిస్తేనే చేర్చుకుంటాం అనడానికి వీల్లేదని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

హోమ్ అంటే మీకున్న భయం నాకు తెలుసు. ఒకసారి సమితి ముందు ఇలాంటి పిల్ల తరఫున నిలబడ్డాను. అందరూ అబ్బాయి గురించి, ఊరి గురించి అడుగుతున్నారు. ఆ పిల్ల చున్నీ పొట్ట మీదికి లాక్కుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి నెమ్మదిగా, ‘రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సొస్తది మేడమ్, తలుపుకు తాళం ఏస్తరా?’ అంది. మహిళా సభ్యురాలు వెంటనే హోమ్‌కు ఫోన్ చేశారు. కింది అంతస్తులో, బాత్రూమ్ పక్క గదిలో మంచం ఇవ్వాలని ఆర్డర్‌లోనే రాయించారు. ఇలాంటివి ఆర్డర్‌లో రాయించుకోవచ్చు. పాలు, గుడ్డు, చెకప్ తేదీలు, మీరు ఏ రోజు వచ్చి చూడొచ్చు, కాన్పప్పుడు పక్కన ఎవరుండాలి, అన్నీ అడగండి. అడగకపోతే ఒక్క లైను ఆర్డర్ వస్తుంది, పిల్లకు ఇబ్బంది అవుతుంది.

చేతిలో డబ్బులు లేవు కాబట్టి ఇంకోటి కూడా అడగండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టాన్ని పోక్సో అంటారు; దాని కింద వచ్చిన పోక్సో నిబంధనలు, 2020లో ఎనిమిదో నిబంధన ఉంది. తిండి, బట్టలు, ప్రయాణం లాంటి తక్షణ అవసరాలకు ఇంత డబ్బు ఇవ్వమని సమితి సిఫారసు చెయ్యొచ్చు. సిఫారసు అందిన వారం రోజుల్లో చెల్లించాలి. మా కోర్టుల్లో తిరిగేవాళ్లలో కూడా చాలామందికి ఇది గుర్తుండదు, సమితి తనంత తానుగా ఇవ్వడం అరుదు. నోటితో చెప్పి ఊరుకోకుండా దరఖాస్తులో రాయండి. పరిహారం వేరే సంగతి. దానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

బిడ్డను ఎవరూ లాక్కోలేరు. తల్లి తనే కావాలని సమితి ముందు రాసిస్తేనే అప్పగింత. అలా రాసిచ్చాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది. కాన్పయిన రెండో రోజు ఆసుపత్రిలో ఎవరో దూరపు చుట్టం వచ్చి ‘మేం పెంచుకుంటాం’ అని కాగితం ముందు పెడితే మాత్రం సంతకం పెట్టనివ్వకండి. అది దత్తత కాదు, నేరం అవుతుంది.

ఇక కేసు. మీకు ధైర్యం చెప్పడం కోసం అబద్ధం చెప్పలేను. పద్దెనిమిది లోపు పిల్ల గర్భవతి అయిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆసుపత్రికీ ఇదే బాధ్యత ఉంది. ప్రేమించుకున్నారా లేదా అన్నది చట్టం చూడదు, ఈ వయసులో పిల్ల ఒప్పుకోలు లెక్కలోకి రాదు. మైనర్‌ను గర్భవతిని చేసినందుకు కనీస శిక్ష 20 ఏళ్లు. ఇది చాలా పెద్ద శిక్ష, ఆ అబ్బాయి తల్లిదండ్రులు వాళ్ల లాయర్‌తో మాట్లాడుకోవాలి. ఆ బరువు మీరు మొయ్యొద్దు, పిల్ల మీద అంతకన్నా వెయ్యొద్దు. స్టేట్‌మెంట్ కోసం పిల్ల స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు. యూనిఫాం లేకుండా ఇంటికి గానీ, ఆమె చెప్పిన చోటికి గానీ వచ్చి, వీలైనంత వరకు మహిళా ఎస్సై స్థాయి అధికారే రాసుకోవాలి. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. పిల్ల పేరు, ఫోటో బయటపెట్టడం నేరం, వాట్సాప్ గ్రూపుల్లో కూడా.

గుట్ట మీద తాళి మాట ఎత్తినవాళ్లకు ఒకటే చెప్పండి. ఆ తాళితో పోక్సో కేసు పోదు, బాల్యవివాహం కేసు అదనంగా వస్తుంది. కట్టినవాడితో పాటు చేయించిన పూజారి, కూర్చోబెట్టిన పెద్దలు కూడా ముద్దాయిలే. భార్య అయినా పద్దెనిమిది లోపు అయితే అది అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది.

ఓనరు ఒక్కసారిగా సామాను బయటపెట్టలేడు. అయినా ఇప్పుడు అతనితో గొడవకు మీ బలం ఖర్చు చెయ్యకండి.

సమితి దరఖాస్తులో ఒక తీర్పు పేర్కొనండి. 2024 ఆగస్టు 20న పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చినది. ఇంట్లోవాళ్లు వదిలేసిన బాధితురాలికి ఉండే చోటు, తిండి, బట్టలు, చదువు చూసే బాధ్యత ప్రభుత్వానిదేనని అందులో స్పష్టంగా ఉంది. ఆ అమ్మాయి విషయంలో ఎవరూ సమయానికి పట్టించుకోలేదని కోర్టు తప్పుపట్టింది.

వెళ్లే ముందురోజు రాత్రి ఇవన్నీ పిల్లకు నిదానంగా చెప్పండి. మీ దగ్గర ఉంటుందా, హోమ్‌లో ఉంటుందా, ఇంటర్ మళ్లీ చదువుతుందా, బిడ్డ గురించి ఏమనుకుంటోంది, ఆమెనే అడగండి. చెప్పింది చెప్పినట్టు ఆమె మాటల్లోనే దరఖాస్తు చివర రాసి, కింద ఆమె చేతే సంతకం పెట్టించండి.