ముందు మెకానిక్, ఆ తర్వాతే బండి

అమ్మలూ,

నువ్వు వెళ్ళబోతున్న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో సెకండ్‌హ్యాండ్ హోండా సీబీ500ఎక్స్ మోటార్‌సైకిల్ బేరం చేస్తున్నానని ఫోన్లో చెప్పావు. మంచి బండే, కాదనను. కానీ దాని బరువు దాదాపు రెండు వందల కిలోలు, సీటు 83 సెంటీమీటర్ల ఎత్తు. డబ్బు కట్టే ముందు ఒక్క పని చెయ్యి. ఇంజన్ ఆపి, సైడ్ స్టాండ్ మీద నుంచి లేపి, పక్కన నిలబడి పది అడుగులు వెనక్కి నెట్టు. తర్వాత ముందు చక్రం పల్లం వైపు ఉండేలా ఆపి, మళ్ళీ వెనక్కి లాగు. అక్కడే ఆయాసం వస్తే, వానలో గుడి ముందు గులకరాళ్ళ మీద ఆ బండి నీ మాట వినదు. హోండా వాళ్ళదే రెబెల్ 500 సీటు 69 సెంటీమీటర్లేగా అంటావేమో. కాళ్ళు నేలకు ఆనడం వేరు, బరువు లాగడం వేరు.

నన్నడిగితే హోండా వేవ్ 125 తీసుకో. చూడ్డానికి కూరగాయల బండిలా ఉంటుంది, నిజమే. క్లచ్ లీవర్ లేదు కానీ గేర్లున్నాయి. ఊరి పక్కనున్న దోయ్ సుతేప్ కొండ నుంచి దిగేటప్పుడు కింది గేరులో వేస్తే ఇంజనే బండిని పట్టుకుంటుంది. క్లిక్ లాంటి ఆటోమేటిక్ స్కూటర్ ఊళ్ళో హాయి, కానీ పొడవాటి దిగుడులో భారం చాలావరకు బ్రేకుల మీదే పడుతుంది. కొండల మీద సరదా లేకపోతే క్లిక్ చాలు. కొనే ముందు ఒక నెల అద్దెకు తీసుకుని రెండూ నడిపి చూడు. అద్దె షాపువాళ్ళు పాస్‌పోర్టు తాకట్టు అడిగితే ఇవ్వకు, డిపాజిట్ డబ్బు కట్టు.

నేను చిన్న బండి అని పట్టుబట్టేది అసలు సర్వీసింగ్ కోసం. హోండా పెద్ద బండ్లకు బిగ్‌వింగ్ సెంటర్లు వేరే ఉంటాయి, అవి పెద్ద ఊళ్ళు దాటితే కనపడవు. వేవ్, క్లిక్ అయితే కొండల్లోని పాయ్ అనే చిన్న ఊరికి వెళ్ళినా వీధి చివరి షెడ్డులో బ్రేక్ ప్యాడ్లు దొరుకుతాయి. అందుకే ఇల్లు కుదరగానే చుట్టుపక్కల షెడ్లు చూడు. ఫుడ్ డెలివరీ కుర్రాళ్ళ బండ్లు ఎక్కడ వరసగా నిలబడి ఉన్నాయో అక్కడికి వెళ్ళు. ఒక పూట బండి ఆగితే వాళ్ళకు కూలి పోతుంది, పనిరాని మెకానిక్ దగ్గరికి రెండోసారి రారు.

మొదటిసారి ఆయిల్ ఒక్కటే మార్పించి, పక్కనే నిలబడి చూడు. సీలు ఉన్న డబ్బా నీ ఎదుటే తెరవాలి. ఈ చిన్న బండ్లకు పట్టేది సుమారు 0.7–0.8 లీటరు, ఆ సైజు డబ్బాలు దొరుకుతాయి. ఆయిల్ దించే కింది బోల్టుని తిరిగి బిగించేటప్పుడు ముందు చేత్తో తిప్పి, దారిలో పడ్డాకే స్పానర్ పెడుతున్నాడా? నేరుగా బోల్టులు బిగించే మెషిన్ గన్ పెట్టి బిగించేవాడైతే మర్యాదగా డబ్బిచ్చి వచ్చేయ్. పార్టులు మార్చాల్సి వస్తే పాతవి చూపించమను, ధర ముందే కాలిక్యులేటర్ మీద కొట్టించుకో. భాష రాదని టెన్షన్ పడకు, ఏం పాడైందో ఫోన్లో ఫొటో చూపిస్తే పనైపోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొగ కమ్మేస్తుంది, ఆ నెలల్లో ఎయిర్ ఫిల్టర్ కూడా విప్పి చూడమని అడుగు.

కాగితాలు: బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో, అక్కడ ఆకుపచ్చ రంగులో ఉంటుంది, అందులో ఉన్న పేరు, అమ్మేవాడి పేరు ఒకటే కావాలి. ఛాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీద చదివి సరిచూసుకో. అందులో సంవత్సరం 2566 అని ఉంటే కంగారుపడకు, అది బౌద్ధ శకం లెక్క, 543 తీసేస్తే 2023. మన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో మోటార్‌సైకిల్ క్లాసుకి ముద్ర లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు. బయలుదేరేలోపు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి ఆ పని చూసుకో. హెల్మెట్ మాత్రం ఇక్కడి నుంచి మోసుకెళ్ళకు, అక్కడే తలకు పెట్టి చూసుకుని కొనుక్కో.

ఆ సీబీ వాడికి అడ్వాన్స్ ఇవ్వలేదుగా?

మీ మామయ్య