‘అన్‌పాసిబుల్’ ఎందుకు తప్పు?

వైజాగ్‌లో ఇంటర్ చదివే మీ తమ్ముడు ‘అన్‌పాసిబుల్’, ‘ఇన్‌రెగ్యులర్’ అని రాస్తున్నాడని, ఇంగ్లిషు ఉపసర్గల (మాట ముందు చేరే ముక్కల) పట్టిక బట్టీ పట్టించాలా అని అడిగారు.

వద్దండి. ఇన్, ఇమ్, ఇల్, ఇర్ అనేవి నాలుగు ఉపసర్గలు కావు. లాటిన్ నుంచి వచ్చిన, ‘కాదు’ అని అర్థమిచ్చే ‘ఇన్’ ఒక్కటే, పక్కన వచ్చే హల్లును బట్టి రూపు మార్చుకుంటుంది. మన సున్న చేసే పనే అది. ‘పెందుర్తి’లో సున్న ‘న్’లా పలుకుతుంది, ‘కంబాలకొండ’లో మొదటి సున్న ‘మ్’లా పలుకుతుంది. ‘బ’ కోసం పెదవులు ముందే మూసుకుంటాయి మరి. ఇంగ్లిషులోనూ పి, బి, ఎమ్‌ల ముందు ‘ఇమ్’ వచ్చేది అందుకే: ఇంపాసిబుల్, ఇంబాలెన్స్, ఇమ్మెచ్యూర్. ఎల్ ముందు ఇల్లీగల్, ఆర్ ముందు ఇర్రెగ్యులర్. ఉత్ + లేఖనం ‘ఉల్లేఖనం’ అయినట్టే. సంధులు చదువుకున్న పిల్లలకు ఇలా చెబితే చటుక్కున పట్టుబడుతుంది.

స్పెల్లింగుకూ ఇదే ఆధారం. ఉపసర్గ చేరినప్పుడు అసలు మాటలో ఒక్క అక్షరమూ పోదు. ఇల్లీగల్‌కు మొదట్లో రెండు ఎల్‌లు, అన్‌నెసెసరీకి మొదట్లో రెండు ఎన్‌లు. డిస్ + శాటిస్‌ఫైడ్‌కు కలిసేచోట రెండు ఎస్‌లు, డిస్ + అప్పియర్‌కు ఒకటే. పలికేటప్పుడు తరచూ ఒకటే వినిపిస్తుంది కాబట్టి పిల్లలు రెండోది వదిలేస్తారు. మాటను విడదీసి రాయించండి, ఆ తప్పు పోతుంది.

ఇక ‘అన్’. ఇది ఇంగ్లిషు సొంత ఉపసర్గ, దేని ముందూ మారదు: అన్‌లక్కీ, అన్‌రియల్, అన్‌పాపులర్. కాబట్టి పి కనబడగానే ‘ఇమ్’ తగిలించకూడదు. అసలు చిక్కు ఇక్కడే. మాట చివర ‘ఇంగ్’ గానీ, ‘ఫినిష్డ్’లో లాగా ‘ఇ-డి’ గానీ ఉంటే చాలావరకు ‘అన్’ వస్తుంది: అన్‌విల్లింగ్, అన్‌ఫినిష్డ్. కొన్నిటికి విశేషణంలో ‘అన్’, నామవాచకంలో ‘ఇన్’: అనేబుల్–ఇనెబిలిటీ, అన్‌జస్ట్–ఇన్‌జస్టిస్, అన్‌ఈక్వల్–ఇన్‌ఈక్వాలిటీ, అన్‌స్టేబుల్–ఇన్‌స్టెబిలిటీ. బట్టీ పట్టించాలంటే ఈ జంటలనే పట్టించండి.

ప్రతి ‘ఇన్’కూ ‘కాదు’ అనే అర్థం ఉండదని కూడా చెప్పాలి. కేజీహెచ్‌ ఆసుపత్రిలో చేరి చికిత్స పొందే మనిషి ఇన్‌పేషెంట్. అక్కడ ‘ఇన్’ అంటే లోపల, అది ఇంగ్లిషు సొంత మాట, అందుకే పి ముందు కూడా రాతలో మారలేదు. ఓపిక లేనివాడు ఇంపేషెంట్. ట్యాంకర్ల మీద రాసే ‘ఇన్‌ఫ్లేమబుల్’కు తేలిగ్గా మంట అంటుకుంటుందని అర్థం. దాన్ని ‘మండదు’ అని చదివితే మార్కులే కాదు, ప్రాణమే పోవచ్చు.

రోజూ పాఠంలోంచి పది విశేషణాలు తీసి, ముందు మొదటి హల్లు చూసి ఉపసర్గ ఊహించమనండి, తర్వాతే నిఘంటువు తెరవమనండి. ఊహ తప్పిన మాటలను మాత్రం వేరే పేజీలో రాయించండి.