రెటీనాకు చుక్కల మందు: ఎంటెక్కా, ఎంఫార్మసీయా?

ప్రశ్న: బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నానమ్మకు వయసుతో వచ్చే రెటీనా జబ్బు, వెట్ ఏఎండీ. తరచూ కంట్లో ఇంజెక్షన్ వేయించాలి. లిపిడ్ నానోపార్టికల్స్‌తో (అతిచిన్న కొవ్వు రేణువులతో) చేసే చుక్కలు వస్తే ఈ సూది బాధ తప్పుతుందని చదివాను. ఆ పరిశోధనలోకి వెళ్లాలని ఉంది. నాన్నగారేమో నానోటెక్నాలజీలో ఎంటెక్ చెయ్యమంటున్నారు. ఏం చెయ్యను?
– ఓ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: ఎంఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్ తీసుకోండి. నానోటెక్నాలజీ ఎంటెక్‌లో చాలాచోట్ల మెటీరియల్స్, ఎలక్ట్రానిక్స్ బరువు ఎక్కువ. మీకు కావలసింది స్టెరైల్ ఫార్ములేషన్, అంటే సూక్ష్మజీవులు లేకుండా మందు తయారుచెయ్యడం. కంటి మందుల కంపెనీ ఇంటర్వ్యూలో ఆస్మోలాలిటీ (ద్రవంలో కరిగిన పదార్థాల గాఢత) ఎలా సరిచేశావు, ఫిల్టర్ ఎందుకు మూసుకుపోయింది అని అడుగుతారు. నాన్నగారికి ఆ మాటే చెప్పండి.

అయితే దిగేముందు పని ఎంత కష్టమో తెలియాలి. సీసాలోంచి పడే చుక్క 40 మైక్రోలీటర్ల దాకా ఉంటుంది. కంట్లో నిలిచేది మహా అయితే 30. మిగిలింది చెంప మీదికి జారుతుంది, లేదా కన్నీటి నాళం గుండా గొంతులోకి దిగుతుంది (చుక్కలు వేసుకున్నాక నోరు చేదుగా అనిపించేది అందుకే). రెప్ప కొట్టేకొద్దీ ఉన్నదీ కొట్టుకుపోతుంది. కంటి లోపలికి చేరేది సాధారణంగా 5 శాతం లోపే, అదీ ముందు భాగానికి. రెటీనా ఉన్నది అట్టడుగున, వెనకగోడ మీద.

100–200 నానోమీటర్ల కొవ్వు రేణువుల్లో మందు పెడితే అది కంటి పైపొరను పట్టుకుని ఎక్కువసేపు ఉంటుందని, కంజంక్టైవా (కంటి తెల్లభాగం మీది పల్చటి పొర), స్క్లీరా (కంటి తెల్లగోడ) మీదుగా వెనక్కి చేరుతుందని ఆశ. ఎలుకల్లో, కుందేళ్లలో అనుకూల ఫలితాలు చాలానే వచ్చాయి. కానీ ఎలుక కన్ను పొడవు 6 మిల్లీమీటర్లు, మనిషిది 24. కుందేలు గంటకు కొన్నిసార్లే రెప్ప కొడుతుంది, మనం నిమిషానికి పదిహేనుసార్ల దాకా. ఏఎండీకి ప్రయత్నించిన పజోపనిబ్, స్క్వాలమిన్ చుక్కలు (ఇవి లిపిడ్ రేణువులు కావు లెండి) తొలి దశల్లో ఊరించి, తర్వాత మనుషుల మీద చేసిన పరీక్షల్లో తేలిపోయాయి. ఏఎండీకి ఆమోదం పొందిన చుక్కల మందు ఇప్పటికైతే లేదు. నానమ్మగారి ఇంజెక్షన్ ఒక్కటి కూడా తప్పనివ్వకండి.

ఇక ల్యాబ్ పని. మొదటి బ్యాచ్ తేలిగ్గానే వస్తుంది. కాంప్రిటాల్ లాంటి ఘన కొవ్వును 80 డిగ్రీల దగ్గర కరిగించి మందు కలుపుతారు. కొవ్వు నీటిలో కలిసి ఉండేలా చేసే ట్వీన్ 80 గానీ పోలోక్సమర్ 188 గానీ వేసిన నీటిని అదే వేడికి తెచ్చి, రెండూ కలిపి హోమోజినైజర్‌లో తిప్పుతారు, ఆపైన ప్రోబ్ సోనికేటర్‌తో (శబ్దతరంగాలతో) రేణువులను ఇంకా చిన్నవి చేస్తారు. నీళ్లు చల్లగా ఉంటే కొవ్వు ముద్దకడుతుంది. చల్లారాక నీలిఛాయతో పల్చటి పాలలా కనిపిస్తే సగం గట్టెక్కినట్టే. నెల తర్వాత ఫ్రిజ్‌లోంచి సీసా తీస్తే అడుగున సన్నటి స్ఫటికాలు! ఘన కొవ్వు రోజులు గడిచేకొద్దీ వరసగా సర్దుకుని, మధ్యలో ఇరికిన మందును బయటికి నెట్టేస్తుంది. అందుకే ద్రవరూపంలో ఉండే మిగ్లియాల్‌నో ఒలియిక్ ఆమ్లాన్నో కొంత కలిపి ఆ వరస చెడగొడతారు. దాన్నే ఎన్‌ఎల్‌సీ (నానోస్ట్రక్చర్డ్ లిపిడ్ క్యారియర్) అంటారు.

కంటికి మంట పుట్టకుండా ఆస్మోలాలిటీని 290 మిల్లీఆస్మోల్స్ దగ్గరికి తేవడానికి ఉప్పు వేస్తే రేణువుల మీది ఆవేశం బలహీనపడి, అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. గ్లిజరిన్‌తో ఆ బెడద తక్కువ. సూక్ష్మజీవులను చంపే 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో కొవ్వు మళ్లీ కరిగి సైజు పెరగొచ్చు. పోనీ 0.22 మైక్రాన్ (220 నానోమీటర్ల) ఫిల్టర్ వాడదామంటే, 200 నానోమీటర్ల బ్యాచ్ అందులో ఇరుక్కుంటుంది. డీఎల్‌ఎస్ (రేణువుల సైజు కొలిచే పరికరం) రిపోర్టులో సగటు 150 నానోమీటర్లు అని చూసి మురిసిపోకండి. పీడీఐ (సైజుల్లో తేడా ఎంతో చెప్పే అంకె) 0.3 దాటిందంటే పెద్ద రేణువులు దాక్కున్నట్టే.

మందు కార్నియాను (కంటి ముందున్న పారదర్శక పొరను) ఎంత దాటుతుందో చూసే పరీక్షకు కబేళా నుంచి ఐస్‌లో తెచ్చిన మేక కళ్లు, ఫ్రాంజ్ సెల్ (పొరకు అటూ ఇటూ రెండు గదులుండే గాజు పరికరం) వాడతారు. ప్రయోగం అయ్యాక కార్నియాను తూచి, ఆరబెట్టి, మళ్లీ తూచాలి. నీటిశాతం 75–80 మధ్య ఉండాలి. 83 దాటితే పొర దెబ్బతిన్నట్టు, మందు ఎంత దాటిందన్న లెక్క చెల్లదు. చాలామంది విద్యార్థులు ఎగ్గొట్టేది ఈ తూకమే.

దారి సంగతికొస్తే, ముందు ఎంఫార్మసీ అర్హత పరీక్ష జీప్యాట్. దానితో బాలానగర్‌లోని నైపర్ (జాతీయ ఫార్మసీ విద్యా, పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్షకు వెళ్లొచ్చు, ఏఐసీటీఈ కాలేజీల్లో నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. రాష్ట్ర ప్రవేశ పరీక్ష టీజీ పీజీఈసెట్ కూడా రాసి ఉంచుకోండి. తర్వాత పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) అయితే మొదటి రెండేళ్లు నెలకు 37,000. ఏడో సెమిస్టర్‌లో ఎన్‌డీడీఎస్ (కొత్త పద్ధతుల్లో మందు అందించడం) పేపర్ శ్రద్ధగా చదవండి, ఎనిమిదిలో ప్రాజెక్టును కంటి ఫార్ములేషన్ మీదే అడగండి. రెటీనా చుక్కలు ఇంకో పదేళ్లు రాకపోయినా, ఈ నైపుణ్యం గ్లకోమా, పొడికన్ను మందులకూ, లైపోసోమ్ ఇంజెక్షన్లకూ పనికొస్తుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ల్యాబ్‌కు వెళ్లి చూడండి. డీఎల్‌ఎస్, హెచ్‌పీఎల్‌సీ (మందు ఎంతుందో కొలిచే పరికరం) అక్కడే ఉన్నాయా, శాంపిళ్లు బయటికి పంపుతారా అని అడగండి. సీనియర్లను మూడు నెలల స్టెబిలిటీ డేటా (మందు నిలకడగా ఉందో లేదో చూపే రీడింగులు) చూపించమనండి. మొదటిరోజు రీడింగులు తప్ప వాళ్ల దగ్గర ఏమీ లేకపోతే ఇంకో ల్యాబ్ వెతుక్కోండి.