మాట్లాడే ట్యాబ్ ఇస్తే ఉన్న మాటలు పోతాయా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్ళు, ఆటిజం ఉంది. రెండో తరగతి చదువుతున్నాడు గానీ నాలుగైదు పదాలకు మించి పలకడు. బొమ్మను తాకితే మాట వినిపించే యాప్‌ను ట్యాబ్‌లో వాడమని స్పీచ్ థెరపిస్టు చెప్పారు. అది అలవాటైతే ఇక నోరు తెరవడని మా అత్తగారు, తరగతిలోకి ట్యాబ్ తేవద్దని టీచరు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ అత్తగారి భయం చాలా ఇళ్ళలో ఉన్నదే అయినా, పరిశోధనలు దాన్ని బలపరచడం లేదు. ఎదుగుదలలో వైకల్యం ఉన్నవారిపై జరిగిన అధ్యయనాలను 2006లో సమీక్షించినప్పుడు, గట్టి ఆధారాలున్న 27 మందిలో ఇలాంటి సాధనాల వల్ల ఒక్కరికి కూడా మాట తగ్గలేదనీ, ఎక్కువమందికి కొంత పెరిగిందనీ తేలింది. ఆ పెరుగుదల చాలామందిలో స్వల్పమే కనుక, ట్యాబ్ రాగానే బాబు గలగలా మాట్లాడతాడని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ట్యాబ్ చేతికిచ్చి ‘నొక్కు, నొక్కు’ అనడం దగ్గరే చాలా కుటుంబాల ప్రయత్నం ఆగిపోతుంది. పసిపిల్లలు నెలల తరబడి మన మాటలు విన్నాకే పలుకుతారు కాబట్టి, ఈ బొమ్మలను కూడా ముందు మీరే తాకుతూ మాట్లాడాలి. అన్నం వడ్డిస్తూ ‘ఇంకా’, ‘కావాలి’ గడులను మీరు తాకండి. బాబు వెంటనే తిరిగి తాకాలని పట్టుబట్టకండి. వస్తువుల పేర్లకన్నా చాలు, రా, ఆపు, నొప్పి వంటి రోజంతా పనికొచ్చే మాటలను ముందు పెట్టండి. ‘వద్దు’ మాత్రం తప్పనిసరిగా ఉండాలి. అడగడం మాత్రమే నేర్పి, కాదనే దారి చూపకపోతే పిల్లవాడికి మిగిలేవి కేకలూ కొరకడమూ.

చెన్నైలో తయారైన ఆవాజ్, ముంబై ఐఐటీలో రూపొంది ఉచితంగా దొరికే జెల్లో అనే యాప్‌లు మన దేశంలో వాడుకలో ఉన్నాయి. ఏది ఎంచుకున్నా అది మీ ఇంటి భాషలో పలకాలి, ఆ ట్యాబ్‌లో ఆటలు ఉండకూడదు.

ఇక బడి విషయం. ఆటిజాన్ని కూడా చేర్చుకున్న 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, గుర్తింపు పొందిన బడులలో విద్యార్థి అవసరానికి తగిన సదుపాయం ఉండేలా ప్రభుత్వం చూడాలంటుంది; మాటకు తోడుగానో బదులుగానో వాడే పద్ధతులను ప్రోత్సహించాలని కూడా అందులో ఉంది. అయితే చట్టం చూపించే ముందు, ట్యాబ్ ఎందుకు అవసరమో థెరపిస్టు చేత రాయించి టీచరుకు ఇవ్వండి. అవే గడులను కాగితంపై ముద్రించి, ల్యామినేషన్ చేయించి సంచిలో పెట్టండి. చార్జింగ్ అయిపోయినా బాబు మాట ఆగదు. మరోసారి పరీక్ష చేయించాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీని సంప్రదించవచ్చు.