బావగారి దగ్గర తీసుకున్న చేబదులు క్యాష్‌లోనే తీర్చేయొచ్చా?

ప్రశ్న: నాకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. 2024 మార్చిలో హోల్‌సేల్ వ్యాపారికి పాత బాకీ కట్టాల్సి వచ్చి మా బావగారి (అక్క భర్త) దగ్గర రూ.3,50,000 క్యాష్‌గా తీసుకున్నాను. నూటికి రూపాయి వడ్డీకి ప్రామిసరీ నోటు రాసిచ్చాను. వడ్డీ నెలనెలా ఫోన్‌పేలో పంపుతున్నాను. ఇప్పుడు ఆయన ఇల్లు కట్టుకుంటూ అసలు ఇమ్మంటున్నారు, అదీ క్యాష్‌గానే కావాలంటున్నారు. మా ఆడిటర్ గారేమో క్యాష్ ఇస్తే పెనాల్టీ పడుతుందన్నారు. రోజుకు రూ.19,000 చొప్పున ఇస్తే ఏమీ కాదని ఒకరు, గిఫ్ట్ అని కాగితం రాయించుకోమని ఇంకొకరు చెబుతున్నారు. ఇంట్లోవాళ్ల మధ్య అప్పుకు కూడా ఈ రూల్స్ ఉంటాయా? అసలు ఆ నోటు చెల్లుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఆడిటర్ గారు చెప్పిందే నిజం. అసలులో ఒక్క రూపాయి కూడా క్యాష్‌గా ఇవ్వకండి. 2024లో జరిగినదాన్ని ఇప్పుడు మార్చలేం, దానికి సమాధానం చెప్పుకునే దారి చట్టంలోనే ఉంది. కానీ ఇప్పుడు తెలిసి తెలిసి క్యాష్‌లో తీర్చారంటే ఆ దారి మీరే మూసేసుకున్నవారవుతారు.

ముందు రూల్ ఏమిటో చూద్దాం. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 269ఎస్ఎస్ ప్రకారం రూ.20,000 లేదా అంతకుమించి అప్పు తీసుకుంటే అది అకౌంట్ పేయీ చెక్కు, డీడీ లేదా బ్యాంకు ద్వారా ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే రావాలి. తిరిగి తీర్చడానికి సెక్షన్ 269టి అదే మాట చెబుతుంది. మొదటి రూల్ తప్పితే 271డి కింద తీసుకున్న మొత్తానికి సమానంగా, రెండోది తప్పితే 271ఇ కింద క్యాష్‌గా తీర్చిన మొత్తానికి సమానంగా పెనాల్టీ వేయొచ్చు. ఇది జైలు శిక్ష కాదు, డబ్బు జరిమానా. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి, కానీ ఈ రూ.20,000 రూల్ అందులోనూ ఉంది. మీరు అప్పు తీసుకున్నది 2024లో కాబట్టి దానికి పాత చట్టమే వర్తిస్తుంది. ఇప్పుడు తీర్చేదానికి కొత్త చట్టం వర్తిస్తుంది, కానీ సులువుగా అర్థం కావడానికి ఇక్కడ పాత సెక్షన్ నంబర్లతోనే చెబుతున్నాను.

చాలామంది పొరబడేది ఇక్కడే. నా డబ్బు నిజాయితీగా సంపాదించింది, బావగారిదీ తెల్లడబ్బే, ఇక తప్పేముంది అనుకుంటారు. ఈ సెక్షన్ చూసేది డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, ఏ రూపంలో చేతులు మారిందని. బంధువులకు ఇందులో మినహాయింపు లేదు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంటుంది. షాపు నడుపుతూ పన్ను కట్టేవారికి అది దొరకదు.

ఇక రోజుకు రూ.19,000 సలహా. దీన్ని నమ్మి నష్టపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 269టి మీరు ఆ రోజు ఎంత ఇచ్చారని అడగదు. అప్పు, వడ్డీ కలిపి రూ.20,000 లేదా అంతకు మించి ఉందా అని అడుగుతుంది. మీ బాకీ మూడున్నర లక్షలు. అలాంటప్పుడు దానిలో రూ.19,000 ఇచ్చినా, రూ.5,000 ఇచ్చినా బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. ముక్కలు చేసి ఇస్తే తప్పు తగ్గదు. పైగా వరసగా రూ.19,000 ఎంట్రీలు చూసిన అధికారికి, మీకు రూల్ ముందే తెలుసని అర్థమైపోతుంది. అప్పు తీసుకునేటప్పుడూ ఇంతే. ఒకరి దగ్గర ఇప్పటికే రూ.15,000 బాకీ ఉండగా మళ్లీ రూ.10,000 క్యాష్ తీసుకుంటే, రెండూ కలిపి పరిమితి దాటేసినట్టే.

మీ బావగారికి ఈ విషయం కూడా చెప్పండి, బహుశా ఆయనకు తెలిసి ఉండదు. 2017 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ 269ఎస్టీ ఉంది. ఒకరి దగ్గర నుంచి ఒకే రోజు, లేదా ఒకే లావాదేవీ కింద, లేదా ఒకే సందర్భానికి సంబంధించి రూ.2 లక్షలు లేదా అంతకుమించి క్యాష్ తీసుకోకూడదు. తీసుకున్నవారికి అంతే మొత్తం పెనాల్టీ. అప్పు ఇచ్చినప్పుడు ఆయన తప్పు ఏమీ లేదు, ఎందుకంటే 269ఎస్ఎస్ పెనాల్టీ తీసుకున్నవారికే. కానీ తిరిగి మూడున్నర లక్షలు క్యాష్‌గా పుచ్చుకుంటే ఈసారి ఇరుక్కునేది ఆయన కూడా. లెక్క వేయండి: తీసుకున్నందుకు మీకు రూ.3,50,000, క్యాష్‌లో తీర్చినందుకు మీకు ఇంకో రూ.3,50,000, పుచ్చుకున్నందుకు ఆయనకు రూ.3,50,000. మూడున్నర లక్షల అప్పుకి రెండు కుటుంబాల మీద కలిపి పదిన్నర లక్షల ప్రమాదం. ఇంటి పనికి మేస్త్రీలకు, కూలీలకు క్యాష్ కావాలంటే, మీరు ఆయన అకౌంట్‌లో వేశాక ఆయనే డ్రా చేసుకోవచ్చు. దానికి అడ్డేమీ లేదు.

ఇప్పుడు 2024 సంగతి. పెనాల్టీ దానంతట అదే పడిపోదు. సెక్షన్ 273బి ప్రకారం, రూల్ పాటించలేకపోవడానికి సబబైన కారణం ఉందని మీరు చూపగలిగితే పెనాల్టీ వేయకూడదు. 269ఎస్ఎస్ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2002లో తీర్పు ఇచ్చినప్పుడు, ఈ 273బి రక్షణ ఉందన్న విషయాన్ని కూడా పరిగణనలోకి తీసుకుంది. దగ్గరి బంధువుల మధ్య నిజంగా జరిగిన అప్పు, అత్యవసరం, దాపరికం లేకపోవడం, వీటిని చూసి ట్రిబ్యునళ్లు, హైకోర్టులు పెనాల్టీ కొట్టేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి. అయితే బంధువు అన్న ఒక్క మాట మాత్రం చాలదు. అవసరం ఏమిటో, బ్యాంకు ద్వారా ఎందుకు కుదరలేదో కాగితాలే చెప్పాలి.

కాబట్టి ఈ వారంలోనే ఒక ఫైలు తయారు చేసుకోండి. బావగారు ఆ డబ్బు బ్యాంకులో డ్రా చేసి ఇచ్చి ఉంటే ఆ తేదీ ఉన్న స్టేట్‌మెంట్ పేజీ, ఆయన ఆ ఏడాది రిటర్ను కాపీ తీసుకోండి. ఆయన ఇంట్లో దాచుకున్న డబ్బు అయితే, అది ఎలా వచ్చిందో ఆయన సంతకంతో ఒక కన్ఫర్మేషన్ లెటర్ కావాలి. మీ వైపు నుంచి హోల్‌సేల్ వ్యాపారి బాకీ కోసం చేసిన ఒత్తిడి, అంటే ఆయన పంపిన లెటర్ గానీ వాట్సాప్ మెసేజ్ గానీ ఉంటే తీసిపెట్టండి. ఆ క్యాష్ మీ షాపు కరెంట్ అకౌంట్‌లో వేసి వ్యాపారికి బదిలీ చేసి ఉంటే అది మీకు పెద్ద బలం, ఎందుకంటే డబ్బు వచ్చిన దారీ పోయిన దారీ రెండూ కనిపిస్తాయి. నేరుగా క్యాష్‌గా వ్యాపారికి ఇచ్చి ఉంటే ఇంకో చిక్కు ఉంది: ఒకే రోజు ఒకరికి రూ.10,000 మించి క్యాష్‌గా చెల్లిస్తే సెక్షన్ 40ఎ(3) కింద ఆ ఖర్చును ఒప్పుకోరు. మీ పుస్తకాలకు ఆడిట్ ఉంటే, రూ.20,000 దాటిన అప్పుల వివరాలు ఆడిట్ రిపోర్టులో ఆడిటర్ రాయాలి. ఆయన్ను దాచమని అడగకండి. ఆయన రాసింది, మీ ఫైలులో ఉన్నది ఒకటే అయి ఉండాలి.

గిఫ్ట్ కాగితం మాత్రం వద్దే వద్దు. నిజమే, అక్క భర్త ఇచ్చే గిఫ్ట్ మీద పన్ను లేదు, చట్టం ఆయన్ను బంధువుగానే లెక్కిస్తుంది. కానీ మీరు నోటు రాసిచ్చారు, నెలనెలా రూ.3,500 వడ్డీ ఫోన్‌పేలో వెళ్తోంది, ఆయన అసలు అడుగుతున్నారు. గిఫ్ట్‌కి వడ్డీ ఎవరు కడతారు? తర్వాత తేదీ వేసి రాయించుకున్న అబద్ధపు కాగితం, మీకున్న నిజమైన వాదనను కూడా పాడుచేస్తుంది.

నోటు సంగతికొస్తే, అది చెల్లుతుంది. క్యాష్‌గా తీసుకున్నందుకు పెనాల్టీ ఉండొచ్చు గానీ, అంతమాత్రాన అప్పు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో చెక్ బౌన్స్ కేసులో స్పష్టం చేసింది. 'క్యాష్ కాబట్టి ఎగ్గొట్టొచ్చు' అని మీకెవరైనా చెబితే వినకండి. నోటుకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు, అంటే మీది 2027 మార్చి వరకు. మీరు అసలు తీరుస్తున్న ప్రతిసారీ నోటు వెనకాల తేదీ, మొత్తం రాసి సంతకం చేసి చెల్లు వేయించండి. గడువులోపు అలా రాసిన చెల్లు నుంచి బావగారికి మళ్లీ మూడేళ్లు వస్తుంది, మీకు ఎంత కట్టారన్న రుజువు దొరుకుతుంది. ఇద్దరికీ మేలే.

చెల్లింపు ఆయన సొంత అకౌంట్‌కే వెళ్లాలి. నెఫ్ట్, ఆర్టీజీఎస్, యూపీఐ ఏదైనా సరే. చెక్కు ఇస్తే గీతలు గీసి వదిలేయకుండా వాటి మధ్య 'అకౌంట్ పేయీ' అని తప్పక రాయండి. బేరర్ చెక్కు, సెల్ఫ్ చెక్కు ఈ రూల్‌కి పనికిరావు. ఆయన తరఫున మేస్త్రీకి మీరే డబ్బు ఇచ్చి సరిపెట్టుకోవడం కూడా వద్దు. కట్టిన వడ్డీ వ్యాపారానికి వాడిన అప్పుదే కాబట్టి మీ ఖర్చుల్లో చూపొచ్చు. బావగారు ఆ వడ్డీని తన ఆదాయంలో చూపించాలి, ఏడాదికి రూ.42,000 అవుతుంది. మీ టర్నోవర్ అంతకు ముందు ఏడాది కోటి రూపాయలు దాటి ఉంటే వడ్డీ మీద టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే పన్ను కోసి ప్రభుత్వానికి కట్టడం) బాధ్యత కూడా మీకు వస్తుంది, ఆ సంగతి ఆడిటర్ గారితో చూసుకోండి.

నోటీసు వస్తే భయపడి ఫోన్‌లో ఏదో ఒకటి ఒప్పేసుకోకండి, గడువు కూడా దాటనివ్వకండి. ఫైలులోని కాగితాలు జతచేసి 273బి కింద లిఖితంగా జవాబు ఇవ్వండి. అసలంతా తీరిన రోజున ఒరిజినల్ నోటు మీద 'పైకం పూర్తిగా ముట్టినది' అని బావగారి చేత రాయించి, సంతకంతో వెనక్కి తీసుకుని అదే ఫైలులో పెట్టండి. దాన్ని చింపేయకండి, రేపు ఆదాయపు పన్ను అధికారి మొదట అడిగేది ఆ కాగితాన్నే.