ప్రచారానికి కూడా ఒక ముగింపు పెట్టుకోండి

మీరు అడిగింది ఇది: ఉద్యోగం చేసుకుంటూ సొంత బ్లాగు రాస్తున్నారు. టపా పెట్టాక దాన్ని నలుగురికీ చేర్చడానికి కూర్చుంటే సాయంత్రమంతా అక్కడే గడిచిపోతోంది. ఎక్కడ ఏం పంచారో గుర్తుండటం లేదు, కొత్తది రాయడం వెనకబడుతోంది. ఏకాగ్రత చెదరకుండా పద్ధతిగా ఎలా చేయాలని, కొత్త సైట్ వచ్చినప్పుడల్లా చేరాలా అని అడిగారు.

నేను కుండీల్లో మొక్కల పెంపకం గురించి చాలా ఏళ్లుగా రాస్తున్నాను, నాదీ ఉద్యోగం పక్కన నడిచే బ్లాగే. రాయడానికి ఒక ముగింపు ఉంటుంది, పబ్లిష్ నొక్కితే ఆ పని అయిపోయినట్టే. ప్రచారానికి ఆ గీత ఎవరూ గీయరు. చేరాల్సిన గ్రూపు ఇంకోటి కనిపిస్తూనే ఉంటుంది, లైకులు ఎన్నయ్యాయో చూడాలనిపిస్తూనే ఉంటుంది. అందుకే ప్రతి టపాకీ "ఇక్కడితో దీని ప్రచారం అయిపోయింది" అనే గీత ముందే గీసుకోవాలి. నాకు నిజంగా పనికొచ్చింది ఇదొక్కటే, మిగతావన్నీ దీనికి ఆసరాలు.

ఆ గీత కోసం నేను ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టుకున్నాను. టపాకి ఒక వరుస. అందులో శీర్షిక, లింకు, పెట్టిన తేదీ, ఒక్క వాక్యంలో ఆ టపా ఎవరికి ఎందుకు పనికొస్తుందో, ఎక్కడెక్కడ పంచానో, మళ్లీ ఎప్పుడు చూడాలో ఉంటాయి. చివరి గడిలో "అయింది" అని రాస్తే ఇక దాని జోలికి వెళ్లను. నా లెక్కలో "అయింది" అంటే: ఈమెయిల్ చందాదారులకు వెళ్లింది, ఎంచుకున్న రెండు మూడు చోట్ల పెట్టాను, వచ్చిన వ్యాఖ్యలకు జవాబిచ్చాను, నా పాత టపాల్లో సంబంధం ఉన్నవాటి నుంచి దీనికి లింకు ఇచ్చాను. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే అన్నిటికన్నా ముందు చేయాల్సింది అదే. పాత టపా చదువుతున్నవాళ్లకు ఆ విషయం మీద ఆసక్తి ఉందని తెలిసిపోయింది కదా, వాళ్లకన్నా మంచి పాఠకులు ఎక్కడ దొరుకుతారు? పైగా సెర్చ్ ఇంజన్లు కొత్త పేజీలను కనిపెట్టేది ఎక్కువగా లింకుల దారినే.

ఆ ఒక్క వాక్యం గురించి కూడా చెప్పాలి. దాన్ని టపా రాసిన వేడిలోనే రాసి పెట్టుకోండి. రెండు రోజులయ్యాక ఖాళీ పెట్టె ముందు కూర్చుని "ఏం రాసి పంచాలి" అని ఆలోచించడంలోనే సగం టైమ్ పోతుంది. "కుండీ మొక్కల గురించి కొత్త టపా" అంటే ఎవరూ ఆగరు. "గులాబీ ఆకుల మీద నల్లమచ్చలు వస్తుంటే, సాయంత్రం పూట ఆకులు తడిసేలా నీళ్లు పోయడం ఆపి చూడండి" అంటే ఆ బాధ ఉన్నవాళ్లు తప్పకుండా ఆగుతారు.

ఎక్కడ పంచాలన్నది రెండో సంగతి. అన్నిచోట్లా ఉండాలనుకోవద్దు. మీ విషయం మీద జనం ఇప్పటికే ప్రశ్నలు అడుగుతున్న రెండు మూడు చోట్లు చాలు. అక్కడ లింకు పడేసి వెళ్లిపోకుండా, అడిగినవాళ్లకు అక్కడే పూర్తిగా జవాబు చెప్పండి. ఫొటోలో, ఇంకా వివరమో కావాలంటే బ్లాగులో ఉందని చివర్న అనండి. జవాబు బాగుంటే లింకు నొక్కుతారు, నొక్కకపోయినా ఒకరికి సాయం అందింది. ఒకే వాక్యాన్ని కాపీ చేసి పది గ్రూపుల్లో పెట్టడం మాత్రం వద్దు. అడ్మిన్లు దాన్ని స్పామ్ అంటారు. వాళ్లు అనడంలో తప్పేమీ లేదు.

పంచే ముందు లింకు ప్రివ్యూ ఒకసారి చూసుకోండి. లింకుతో పాటు కనిపించే బొమ్మ, శీర్షిక, రెండు ముక్కల వివరణ మీ పేజీ కోడ్‌లో దాగి ఉండే ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల నుంచి వస్తాయి. 2010లో ఫేస్‌బుక్ తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పుడు చాలా సైట్లు దీన్నే చదువుతాయి. బొమ్మ 1200×630 పిక్సెళ్ల సైజులో ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. బొమ్మ మార్చినా ఫేస్‌బుక్‌లో పాతదే కనిపిస్తుంటే కంగారు పడకండి. అది పాత కాపీ దాచుకుంటుంది, ఫేస్‌బుక్ వాళ్ల షేరింగ్ డీబగ్గర్ అనే పేజీలో లింకు వేసి మళ్లీ చదివించవచ్చు.

ఇప్పుడు లెక్కల సంగతి. ఏకాగ్రతను అన్నిటికన్నా ఎక్కువగా తినేసేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రోజూ లైకులు చూడటం మానేసి, వారానికోసారి సెర్చ్ కన్సోల్ చూడటం అలవాటు చేసుకోండి. ఇది గూగుల్ ఉచితంగా ఇచ్చేదే. జనం ఏ మాటలతో వెతికితే మీ పేజీ కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నవి చూపిస్తుంది. 16 నెలల సమాచారం దాచి ఉంచుతుంది. పూర్తి అంకెలు రావడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది, కాబట్టి గంటగంటకూ తెరిచి చూసినా లాభం లేదు. నాకైతే ఆ ఆలస్యమే మేలు చేసింది, తెరిచే అలవాటే పోయింది.

ఆ అంకెల్లో నేను రెండే వెతుకుతాను. ఒకటి, చాలాసార్లు కనిపించినా ఎవరూ నొక్కని పేజీ. శీర్షిక చూస్తే లోపల ఏముందో తెలియడం లేదేమో అని ముందు దాన్ని మార్చి చూస్తాను. రెండు, మొదటి పేజీ అంచున, అంటే ఎనిమిది నుంచి పదిహేనో స్థానం మధ్య ఆగిపోయిన టపా. దానికి ఏ ప్రశ్నలు వస్తున్నాయో చూసి, జవాబు లేని ప్రశ్న ఉంటే ఆ భాగం రాసి చేరుస్తాను. కొత్త టపా కోసం తిరగడం కన్నా ఇలాంటి పాతదాన్ని బాగు చేయడం చాలాసార్లు ఎక్కువ పాఠకులను తెచ్చింది. షీట్‌లో "మళ్లీ ఎప్పుడు చూడాలి" అనే గడి ఉన్నది ఇందుకే.

ఎక్కడి నుంచి ఎంతమంది వచ్చారో తెలియాలంటే లింకు చివర యూటీఎం ట్యాగులు, అంటే ఆ లింకు ఎక్కడ పంచారో చెప్పే చిన్న గుర్తులు, తగిలించుకోవచ్చు. మొదటి అక్షరం "యూ" అర్చిన్ అనే కంపెనీ పేరు నుంచి వచ్చింది, దాన్ని 2005లో గూగుల్ కొనుక్కుంది, సైట్‌కి వచ్చేవాళ్లను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ పుట్టింది అందులోంచే. ఇవి వాడితే రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకసారి, చిన్నక్షరాలు ఒకసారి రాస్తే ఒకే చోటు రెండుగా లెక్కపడుతుంది. మీ బ్లాగులో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చే లింకులకు వీటిని అసలు పెట్టకూడదు, పాఠకుడు మొదట ఎక్కడి నుంచి వచ్చాడన్న లెక్క తారుమారవుతుంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్న లింకులు చాలావరకు "డైరెక్ట్" కింద, అంటే ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివాళ్ల లెక్కలో, పడతాయి. ఆ అంకె పెద్దగా ఉంటే ఎవరో మీ టపాను మెచ్చి స్నేహితులకు పంపుతున్నారేమో, సంతోషించండి.

ఏకాగ్రత గురించి విడిగా అడిగారు. రాసే రోజూ ప్రచారం చేసే రోజూ వేరుగా పెట్టుకోండి, కనీసం పూటలైనా వేరు చేయండి. ఒక పని పూర్తికాకుండా ఇంకో పనికి మారితే మనసులో కొంత భాగం మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో వివరించారు. వ్యాఖ్యకు జవాబు రాస్తూ మధ్యలో లేచి టపా రాయడానికి కూర్చుంటే ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది, ఆ వ్యాఖ్యే బుర్రలో తిరుగుతుంటుంది. నేను బ్రౌజర్‌లో రెండు ప్రొఫైళ్లు పెట్టుకున్నాను. రాసేదాంట్లో ఏ సోషల్ మీడియాలోనూ లాగిన్ అయి ఉండను. ఫోన్‌లో నోటిఫికేషన్లు ఆపేశాను. ఇంతకన్నా పెద్ద యాప్‌లేవీ అక్కర్లేకపోయాయి.

టపాలను ముందే షెడ్యూల్ చేసుకోవడం కూడా మంచిదే. సొంత హోస్టింగ్ మీద వర్డ్‌ప్రెస్ వాడుతుంటే ఒకటి గమనించండి. దాని షెడ్యూల్ మామూలుగా ఎవరైనా సైట్‌కి వచ్చినప్పుడే కదులుతుంది. పాఠకులు తక్కువున్న బ్లాగులో ఉదయం ఆరుకి పెట్టింది ఆలస్యంగా రావచ్చు. అసలు బయటికి వచ్చిందో లేదో చూసుకున్నాకే ఈమెయిల్ పంపండి.

ఈమెయిల్ జాబితాను మాత్రం మొదటి రోజు నుంచే మొదలుపెట్టమని గట్టిగా చెబుతాను. పాఠకులను చేర్చిపెట్టే సేవలు మన చేతిలో ఉండవు. బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చదివించే గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. గూగుల్ వాళ్ల సోషల్ మీడియా సైట్ గూగుల్ ప్లస్ మామూలు వాడకందార్లకు 2019 ఏప్రిల్‌లో పోయింది. బ్లాగు టపాలను చందాదారులకు చేర్చే ఫీడ్‌బర్నర్ 2021లో ఈమెయిల్ చందాలు ఆపేసింది. జాబితా దింపుకున్నవాళ్లకు పాఠకులు మిగిలారు. కాబట్టి చందాదారుల జాబితాను నెలకోసారి సీఎస్‌వీ ఫైలుగా (ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరుచుకునే మామూలు ఫైలు) దింపి మీ దగ్గర పెట్టుకోండి. అడగకుండా ఎవరి పేరూ చేర్చకండి, మీ ఫోన్‌బుక్‌లో ఉన్నవాళ్లనైనా సరే. చందా వద్దనుకునే లింకు ప్రతి ఉత్తరంలోనూ తేలిగ్గా కనపడాలి. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5,000కు మించి పంపేవాళ్లకు ఒక్క నొక్కుతో చందా ఆపుకునే వీలు ఇవ్వాలని నియమం పెట్టింది. మనం అంత పంపం, అయినా చదివేవాళ్ల మీద ఆ గౌరవం మనకూ ఉండాలి.

కొత్త సైట్ వచ్చినప్పుడల్లా చేరాలా అన్నారు. మీ పేరుతో ఖాతా మాత్రం తీసి ఉంచుకోండి, వేరేవాళ్లు ఆ పేరు తీసుకోకుండా ఉంటుంది. అక్కడ పంచాలనిపిస్తే షీట్‌లో ఇంకో గడి చేర్చి, ఎన్నాళ్లు చూస్తారో ముందే రాసుకోండి. ఆ గడువులోగా అక్కడి నుంచి ఒక్కరైనా వచ్చి వ్యాఖ్య రాయడమో, చందా తీసుకోవడమో చేయకపోతే ఆ గడి తీసేయండి.